ఇంటిపేరు వెనక ఏముంది?



హన్మకొండ, కాజీపేట, వరంగల్ వాడల్లో ధమ్మ తరగతులకు వచ్చే మన పిల్లలు ఈమధ్య ఒక ప్రశ్న ఎక్కువగా అడుగుతున్నారు. "అన్నా, మన ఇంటిపేరు ఎక్కడి నుంచి వచ్చింది? అసలు మనం ఎవలం? ఉమ్మి నమూనా పంపిస్తే డీఎన్ఏ పరీక్ష చేసి మూలాలు చెప్తరట, చేయించుకుందామా?" అందులో ఒకరు మనం ఒకప్పటి రాజులమంటారు. ఇంకొకరు నాగజాతి అంటారు.

ఈ ప్రశ్నను కొట్టిపారేయొద్దు. దొర ముందు మల్లయ్య "మల్లిగాడు" అయ్యాడు. పేరే సరిగా పలకనివ్వని చోట నుంచి వచ్చిన మనిషి తన పేరు పుట్టుక అడగడం న్యాయమే. అయితే బౌద్ధులం కాబట్టి ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. పుట్టుకను వెతుక్కునేది ఎందుకోసం? జరిగింది తెలుసుకోవడానికా, గర్వపడడానికా?

ఇంటిపేరు చెప్పేదెంత?

తెలుగు ఇంటిపేర్లు ఎక్కువగా ఊరి నుంచో, చెట్టు నుంచో, పని నుంచో, వస్తువు నుంచో వచ్చినవే. వేముల, చింత, గాదె, గుర్రం లాంటివి ఒక్క కులానికే పరిమితం కావు. అదే ఇంటిపేరు ఊళ్లో ఒకలాగ, వాడలో ఒకలాగ బతుకుతుంది. అందుకే కులం కనుక్కోవాలనుకునేవాళ్లు ఇంటిపేరుతో ఆగరు. "ఏ ఊరు? ఊళ్లె ఇల్లు ఎక్కడ? నాయిన ఏం చేస్తడు?" అని ఒక్కో మెట్టు దిగుతారు. అద్దె ఇంటి కోసం తిరిగిన వాళ్లందరికీ ఈ మెట్లు తెలుసు.

బాబాసాహెబ్ ఈ విషయాన్ని చాలా ముందే పట్టుకున్నారు. 1948లో వచ్చిన "ది అన్‌టచబుల్స్" పుస్తకంలో ఆయన మరాఠాల "కుల్"లను, మహార్ల "కుల్"లను పక్కపక్కన పెట్టి చూపించారు. కుల్ అంటే వంశం పేరు, మన ఇంటిపేరు లాంటిది. మరాఠాల్లో ఉండి మహార్లలో లేని కుల్ దొరకడం కష్టమన్నారు. పంజాబులో జాట్ల, చమార్ల గోత్రాలదీ అదే తీరని చెప్పారు. వంశం పేర్లు ఒకటే అయినప్పుడు ఒకరు అంటరానివారు ఎట్లా అయ్యారు? రక్తం వేరు కావడం వల్ల కాదని ఆయన వాదన. ఆయన ఇంటిపేరే చూడండి. కుటుంబం పేరు సక్పాల్. "అంబేడ్కర్" అన్నది కొంకణ్‌లోని అంబడవే అనే ఊరి నుంచి వచ్చిన పేరు. ఈ రోజు ప్రపంచం ఆ పేరుకు మొక్కుతున్నదంటే ఆ ఊరి మట్టి మహిమ కాదు, ఆయన చేసిన పని.

వెయ్యిమందిలో ఒక్కరు

ఇప్పుడు చిన్న లెక్క. మనకు తల్లిదండ్రులు ఇద్దరు. తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ కలిసి నలుగురు. ఆపై తరం ఎనిమిది మంది. పది తరాలు, అంటే సుమారు 250 ఏండ్లు వెనక్కి పోతే, ఆ ఒక్క తరంలోనే 1024 స్థానాలు. ఇంటిపేరు వచ్చింది ఆ 1024 మందిలో ఒకే ఒక్క మగమనిషి నుంచి. మిగతా 1023 మంది లేకుండా మనం లేం, కానీ వాళ్ల పేరు మన పేరులో లేదు. పెండ్లయిన ప్రతి తల్లి తన ఇంటిపేరు వదిలేసి వచ్చింది కదా!

తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే పోయే వై క్రోమోజోమ్ పరీక్ష కూడా ఇంటిపేరు లాంటిదే. అది చూపించేది ఆ ఒక్క దారినే. ఇంకా వెనక్కి, ఓరుగల్లు కోట కూలిన 1323 దాకా పోతే సుమారు 28 తరాలు. లెక్క 26 కోట్లు దాటుతుంది! అంతమంది వేర్వేరు మనుషులు ఉండే వీలు లేదు. అంటే అవే మనుషులు మన వంశవృక్షంలో మళ్లీ మళ్లీ వస్తారు. అట్లాంటప్పుడు ఒక్క మూలపురుషుణ్ని పట్టుకుని "ఇదే నా వంశం" అనడం సగం మాట కూడా కాదు.

మరి సైన్స్ ఏమంటుంది? హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించి, 2009లో "నేచర్" పత్రికలో ఫలితాలు ప్రకటించారు. అందులో మాల, మాదిగ, వెలమ, వైశ్య, చెంచు కూడా ఉన్నారు. తేలింది ఏమిటంటే, ఈ తెలుగు సమూహాలన్నీ రెండు పురాతన జనాల కలయికే. పాళ్లలో తేడా ఉంది. పై కులాల్లో ఉత్తరపు పాలు కొంత ఎక్కువ. ఈ తేడాను పట్టుకుని మళ్లీ ఎక్కువ తక్కువలు కట్టేవాళ్లు ఉంటారు, జాగ్రత్త. పాలు ఎక్కువైతే విలువ ఎక్కువ అని ఏ జన్యువు మీదా రాసి లేదు. కలవనివాడు మాత్రం ఎవడూ లేడు.

2013లో అదే బృందం ఇంకో మాట చెప్పింది. ఈ కలయిక సుమారు 4200 ఏండ్ల కిందటి నుంచి 1900 ఏండ్ల కిందటి దాకా జరిగింది. ఆ తర్వాత కలవడం అరుదైపోయింది. అంటే తలుపులు మొదటి నుంచీ మూసిలేవు, మధ్యలో మూశారు. కులం ప్రాణం సొంత కులంలోనే పెండ్లి అనే కట్టులో ఉందని బాబాసాహెబ్ 1916లోనే, 25 ఏండ్ల వయసులో, కొలంబియాలో చదివిన వ్యాసంలో చెప్పారు. జన్యుశాస్త్రం దాని దగ్గరికి వచ్చేసరికి దాదాపు వందేండ్లు పట్టింది.

వంశాలు తయారవుతాయి

మన ఓరుగల్లులోనే రుజువు ఉంది. కాకతీయుల శాసనాల్లో చాలావాటిలో వర్ణం మాటే లేదు. చెప్పిన వాటిలో ఎక్కువ నాలుగో వర్ణమనే, అదీ గర్వంగానే చెప్పాయి. వాళ్లు చెప్పుకున్న మూలపురుషుడు దుర్జయుడు. కానీ గణపతిదేవుని మోటుపల్లి శాసనానికి వచ్చేసరికి ఆ దుర్జయునికి పైన సూర్యవంశమూ, రాముడూ చేరారు. రాజగురువు విశ్వేశ్వర శివాచార్యుని మల్కాపురం శాసనమూ సూర్యవంశంతోనే ముడిపెట్టింది. రక్తం మారలేదు. రాజ్యం పెరిగింది, గొప్ప వంశం అవసరమైంది, రాసేవాళ్లు రాసిపెట్టారు. అధికారం ఉన్నవాడికి సూర్యుడు తాత అయ్యాడు. లేనివాడికి వెట్టి వంశపారంపర్యం అయింది. మరి మనం కూడా "మేమూ రాజులమే" అంటే, గెలిచేది ఎవరి కొలబద్ద?

భగవాన్ బుద్ధుడు ఏమన్నాడు?

సుత్తనిపాతంలో వాసెట్ఠ సుత్తం ఉంది. వాసెట్ఠుడు, భారద్వాజుడు అనే ఇద్దరు యువకులు వాదులాడుకున్నారు. తల్లివైపు, తండ్రివైపు ఏడు తరాలు శుద్ధంగా ఉంటేనే బ్రాహ్మణుడని ఒకరు, నడవడితోనే అని ఇంకొకరు. బుద్ధుడు వాళ్లకు గడ్డినీ, చెట్లనూ, పురుగులనూ, పాములనూ, చేపలనూ, పక్షులనూ చూపించాడు. వాటికి పుట్టుకతో వచ్చిన వేర్వేరు గుర్తులు ఉన్నాయి. మనిషికి మనిషికి మధ్య అట్లాంటి గుర్తు జుట్టులోనూ లేదు, కంట్లోనూ లేదు, ఒంట్లో ఎక్కడా లేదు. మనుషుల మధ్య ఉన్నవి పిలుపులే. పొలం దున్ని బతికితే రైతు, అంతే.

ఇంకోచోట సముద్రంతో పోల్చాడు. గంగ, యమున, అచిరవతి, సరభు, మహి సముద్రంలో చేరాక పాత పేర్లు వదులుకుంటాయి. సంఘంలో చేరినవాళ్లూ అట్లాగే తమ నామగోత్రాలు వదులుకుంటారు. ఇది మాటలతో ఆగలేదు. క్షురకుడైన ఉపాలికి శాక్య రాజకుమారుల కంటే ముందు దీక్ష ఇచ్చారు, ఆ కుమారులు ఆయనకు నమస్కరించాల్సి వచ్చేట్టు.

మరి అన్నీ మరిచిపోదామా?

"గోత్రం వదిలేశాక ఇంకా ఎస్సీ సర్టిఫికెట్ ఎందుకు?" అని కొందరు ఎగతాళిగా అడుగుతారు. దీనికి జవాబు తెలిసి ఉండాలి. సర్టిఫికెట్ రక్తానికి ఇచ్చే బిరుదు కాదు, జరిగిన అన్యాయానికి రాసిన సాక్ష్యం. మతం మారిన మరునాడు ఊరి చూపు మారదు. అందుకే 1990లో చట్టాన్ని సవరించి, బౌద్ధులైన దళితులకూ ఎస్సీ హోదా ఇచ్చారు.

రోహిత్ వేములను గుర్తు చేసుకోండి. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆ బిడ్డ చనిపోయాడు. "వేముల" తండ్రి ఇంటిపేరు. తండ్రి వడ్డెర. తాను మాల ఇంట పుట్టానని చెప్పిన తల్లి రాధిక ఒంటి చేత్తో పిల్లల్ని పెంచింది. అతను ఎందుకు చనిపోయాడన్న ప్రశ్నను పక్కకు నెట్టి, అతను దళితుడా కాదా అన్న విచారణ ముందుకు తెచ్చారు. అంతకు నాలుగేండ్ల ముందే, 2012లో, ఒక గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కులాంతర వివాహంలో పుట్టిన బిడ్డను ఎస్సీ ఎస్టీ తల్లి పెంచితే, ఆమెతో పాటు ఆ బిడ్డ కూడా అవే అవమానాలు, అవే లేమి పడితే, తండ్రి కులం ఒక్కటే చూసి తీర్పు చెప్పరాదని. అంటే చూడాల్సింది రక్తాన్ని కాదు, పడ్డ బాధను. 2016 ఏప్రిల్ 14న రాధికమ్మ, రోహిత్ తమ్ముడు రాజా ముంబైలో బౌద్ధం స్వీకరించారు. వంశం గురించి అడిగిన వాళ్లకు అంతకంటే పెద్ద జవాబు ఏముంటుంది?

కాబట్టి జరిగింది గుర్తుంచుకోవాలి, రక్తాన్ని మోయొద్దు. ఈ రెండింటినీ కలిపేస్తే మన ఇల్లూ కులం ఇల్లే అవుతుంది.

మన వాడలోనే పరీక్ష

మాదిగవాడల్లో ఇంటిపేర్లూ వంశాలూ తరతరాలుగా గుర్తుపెట్టుకుని, జాంబపురాణం చెప్పింది డక్కలివాళ్లు. మన చరిత్రను పుస్తకం లేకుండా మోసింది వాళ్లు. మరి వాళ్లను మనం ఎక్కడ ఉంచాం? ఊరు మాదిగను బయట ఉంచితే, మాదిగవాడ డక్కలిని వాడకు బయట ఉంచింది. మాల, మాదిగల మధ్య పెండ్లి మాట వస్తే ఈ రోజుకీ ఎన్ని ఇండ్లల్లో పెద్దలు మొహం తిప్పుకుంటారో మీకు తెలుసు. గోడ మీద బాబాసాహెబ్ ఫొటో, లోపల ఇంటిపేరు లెక్కలు! 22 ప్రతిజ్ఞల్లో మనుషులంతా సమానమని నమ్ముతామన్నాం, సమానత్వం కోసం పాటుపడతామన్నాం. ఆ మాట మొదట మన గడప దగ్గరే నిలబడాలి.

పిల్లలకు చెప్పేది ఇదే. ఉమ్మి నమూనాకు పెట్టే పైసలతో ఒక నోటుబుక్కు కొనండి. మీ అమ్మమ్మ దగ్గర కూర్చోండి. ఆమె పుట్టింటి పేరు, ఆమె అమ్మ పేరు, ఎవరి పొలంలో ఎంత కూలికి పని చేసిందో, ఏ బావి దగ్గర నీళ్లు ముట్టనివ్వలేదో రాసుకోండి. ఇంటిపేరులో లేని ఆ తల్లుల చరిత్రే మనకు కావలసింది. ఆ తర్వాత వచ్చే పౌర్ణమి వందనకు మీ వాడవాళ్లనే కాదు, పక్క వాడవాళ్లను, వాడకు బయట ఉన్న డక్కలి కుటుంబాన్ని కూడా పిలవండి. పక్కన కూర్చోబెట్టుకుని, కలిసి తినండి. పిలిచేటప్పుడు ఇంటిపేరు అడగకండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.