పిలిచి చంపడం ధర్మమేనా?

గత అక్టోబరులో ఒక శనివారం ఉదయం, మా పదకొండేళ్ల అమ్మాయిని వెంటబెట్టుకొని, మేము చాలా ఏళ్లుగా గుడ్లు కొనే రైతు ఇంటికి వెళ్లాను. ఆ వారంలో నక్క ఆయన కోళ్లను పద్నాలుగింటిని చంపింది. తిన్నది ఒకటి రెండింటినే. తక్కినవి దొడ్డి నిండా పడి ఉన్నాయి. మేము వెళ్లేసరికి ఆయన చేతిలో రైఫిల్ ఉంది, మెడలో దారానికి వేలాడుతూ ఊదే చిన్న గొట్టం ఉంది. "మీరు వరండా దిగకండి, అరగంటలో వస్తాను" అని చెప్పి, పొలం అంచున ఉన్న పొదల చాటుకు వెళ్లి, గాలి తన ముఖానికి కొట్టేటట్టు కూర్చున్నాడు.

కొంతసేపటికి ఒక కేక వినిపించింది. ఏదో మృగం నోట చిక్కిన కుందేలు ప్రాణభయంతో అరుస్తున్నట్టు ఉంది. మా అమ్మాయి చటుక్కున లేచి మెట్లు దిగబోయింది. చెయ్యి పట్టుకొని ఆపాను. "ఏదో చచ్చిపోతోంది నాన్నా!" అంది. అంతలోనే అవతలి గట్టు మీద ఎర్రని నక్క ఒకటి కనిపించింది. వినిపించిన కేక ఒక్కటే. దానికి బిడ్డ జాలితో లేచింది, నక్క ఆకలితో వచ్చింది. నిజానికి అక్కడ కుందేలే లేదు.

నక్క నిలిచినది గట్టు కొనమీద. దాని వెనుక ఆకాశం తప్ప మరేమీ లేదు. గురి తప్పినా, దేహాన్ని దాటి పోయినా, ఆ గుండు ఎంత దూరాన ఏ ఇంటిని తాకుతుందో తెలియదు. రైతు రైఫిల్ దించాడు. నక్క వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణంలో, నక్కను చంపడం పాపమా అని అమ్మాయి అడుగుతుందనుకున్నాను. దానికి తగిన సమాధానం సిద్ధం చేసుకుంటున్నాను. ఆమె అడిగింది వేరు: "చంపితే చంపారు నాన్నా, కానీ ఏడుపును అబద్ధంగా ఏడవవచ్చా?" ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. ఈ వ్యాసం ఆ లోటును పూడ్చుకునే ప్రయత్నం.

మన భాషలో నక్క అనగానే కపటం గుర్తుకు వస్తుంది. నక్కజిత్తులు, నక్క వినయం అంటాము. పంచతంత్రంలోని కరటక దమనకులు మన పిల్లలకు తెలిసిన మొదటి మాయావులు. నిజానికి మన కథల్లోని నక్కా, అమెరికా పొలాల్లోని ఎర్ర నక్కా ఒకే జాతివి కావు. మన నక్కకు రూపంలో దగ్గరిది ఇక్కడి కోయొటీ. పేరు ఏదైనా, ఆ ఉదయం పొలంలో కపటం చేసినది మనిషి. నక్క తన ఆకలిని దాచుకోలేదు.

ఈ విద్య కొత్తది కాదు. వేటలో మృగాన్ని రప్పించడానికి వాడే పెంపుడు పిట్టనో లేడినో తెలుగులో "దీమం" అంటారు. ఒక మాటే ఏర్పడిందంటే ఆ పని మన పూర్వులకు ఎంత పరిచితమో తెలుస్తుంది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రానికి చెందిన బర్న్‌హామ్ సోదరులు 1950లలో ఈ పిలుపు గొట్టాలను తయారుచేసి దేశమంతటా అమ్మారు. ఇప్పుడు ఆ కేకలను వినిపించే ఎలక్ట్రానిక్ యంత్రాలు కూడా ఉన్నాయి. అనుమతులు, ఋతువుల నియమాలు రాష్ట్రానికో విధంగా ఉంటాయి.

రైతు పక్షాన చెప్పవలసినది చాలానే ఉంది. విషం పెడితే నక్కతో పాటు కుక్కలూ గద్దలూ చస్తాయి. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఫెడరల్ భూములలో వేటమృగాలకు విషం పెట్టడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చినది ఇందుకే; తరువాత కొన్ని సడలింపులు వచ్చాయి. బోను, ఉచ్చు అయితే చిక్కిన ప్రాణి గంటల తరబడి పెనుగులాడుతుంది. పగటి వెలుగులో, దగ్గరకు రప్పించి, ఏ మృగమో చూసి, ఒక్క దెబ్బతో చంపడంలో బాధ తక్కువ, పొరపాటు తక్కువ. అంటే, ఆ అబద్ధపు కేక వల్లనే ఆ చావు సులువవుతోంది. ఇది వింతగా తోచినా నిజమే.

అయినా మా అమ్మాయి ప్రశ్న తీరలేదు. రామాయణంలో మారీచుడు ప్రాణాలు విడుస్తూ రాముని కంఠంతో సీతనూ లక్ష్మణునీ పిలిచాడు. బంగారు లేడిగా అతడు చేసిన మాయ కోరికను పట్టుకుంది. ఆ చివరి కేక ప్రేమను పట్టుకుంది. మొదటిది రాముణ్ణి ఆశ్రమం నుండి దూరం చేసింది. రెండవది లక్ష్మణుణ్ణి కూడా దూరం చేసి సీతను ఒంటరిని చేసింది. మోసాలన్నీ ఒకటి కావు. ఎదుటి ప్రాణిలోని ఏ గుణాన్ని పట్టి లాగుతున్నామో దానిని బట్టి మోసపు బరువు మారుతుంది.

ఈ తేడా పొలంలోనూ ఉంది. కుందేలు కేకకు వచ్చే నక్క వేటకు వస్తోంది. ఒక ప్రాణిని చంపి తినాలని వస్తోంది. కానీ వేటగాళ్ల యంత్రాలలో మరొక కేక కూడా ఉంటుంది. అది పిల్ల ఏడుపు. దానికి వచ్చే తల్లి తినడానికి రాదు, కాపాడటానికి వస్తుంది. ఆ రైతును తరువాత అడిగితే, తన దగ్గర ఆ కేక ఉన్నా వాడనని చెప్పాడు. కారణం అడిగితే, "వసంతంలో తల్లిని చంపితే గుంటలో పిల్లలు మాడి చస్తాయి. ఇక మిగతా కాలంలో అంటారా, ఎందుకో చేతులు రావు" అన్నాడు. ధర్మశాస్త్రం చదవని ఆ మనిషి గీసుకున్న గీత నాకు సరైనదిగా తోచింది. చచ్చే నక్కకు ఏ కేకకు వచ్చినా ఒకటే కావచ్చు. పిలిచే మనిషికి మాత్రం ఒకటి కాదు. ప్రాణిలోని ఉత్తమ గుణాన్ని ఉరితాడుగా వాడుకోవడం అలవాటైన చెయ్యి, రేపు మనుషుల మధ్య కూడా అదే పని చేయవచ్చు.

రెండవ గీత చూపుకు సంబంధించినది. దశరథుడు శబ్దవేధి. చీకటిలో సరయూ తీరాన కుండ మునుగుతున్న చప్పుడు విని, ఏనుగు నీళ్లు తాగుతోందనుకొని బాణం వేశాడు. కూలినది అంధులైన తల్లిదండ్రులకు నీళ్లు తెచ్చే ముని కుమారుడు. ఇలాంటి పొరపాటు మన కాలంలో నార్త్ కరోలినా తూర్పు కౌంటీలలో జరుగుతూ వచ్చింది. అంతరించిపోతున్న ఎర్ర తోడేళ్లను 1987లో అక్కడ తిరిగి అడవిలో విడిచారు. అవి కోయొటీలను పోలి ఉంటాయి. కోయొటీలనుకొని వాటిని కాల్చిన సంఘటనలు న్యాయస్థానానికి ఎక్కాయి. 2014లో ఫెడరల్ న్యాయమూర్తి అక్కడి ఐదు కౌంటీలలో కోయొటీల వేటను చాలావరకు ఆపారు. అదే ఏడాది కుదిరిన ఒప్పందం ఆ కౌంటీలలో రాత్రివేటను నిషేధించి, పగటివేటకు అనుమతిపత్రం తప్పనిసరి చేసింది. ఎదుటి ప్రాణిని మోసగించేవాడు తాను మోసపోకూడదు. చూడనిదానిపై బాణం వదలకూడదు. ఆ ఉదయం రైతు రైఫిల్ దించినప్పుడు నేను చూసినది ఈ ధర్మాన్నే.

మూడవ గీత అవసరానిది. కోళ్లను కాపాడుకోవడం ఒకటి, ఎక్కువ నక్కలను చంపినవారికి బహుమతి ఇచ్చే పోటీ మరొకటి. కాలిఫోర్నియా 2014లోనూ, మాసచూసెట్స్ 2019లోనూ, న్యూయార్క్ 2023లోనూ అటువంటి పోటీలను అడ్డుకునే నియమాలు తెచ్చాయి. అవసరం ఉన్నచోట కూడా చంపడం మొదటి ఉపాయం కాదు. చంపిన నక్క తిరిగిన చోటికి మరొక నక్క వచ్చి చేరుతుంది. కాలిఫోర్నియాలోని మరీన్ కౌంటీ 2000 సంవత్సరంలో ప్రభుత్వ వేటగాళ్ల సేవను వదులుకొని, కంచెలకూ కాపలా కుక్కలకూ రైతులకు సాయం చేసే పద్ధతిని చేపట్టింది. నక్క దొంగ కాదు. కోడికి యజమాని ఉంటాడని దానికి తెలియదు. కనుక దాన్ని చంపడం శిక్ష కాలేదు. దానిని రక్షణ అనాలంటే, ముందుగా తలుపు వేసి ఉండాలి.

ఇక్కడ మన సంగతి కూడా ఉంది. మహాభారతంలో కౌశికుడనే తపస్వి, మాంసం అమ్మే ధర్మవ్యాధుని దగ్గరకు మిథిలకు వెళ్లి ధర్మం నేర్చుకుంటాడు. నాగలి దున్నేటప్పుడు నేలలోని ఎన్నో ప్రాణులు చస్తాయని ఆ వ్యాధుడు అతనికి గుర్తు చేస్తాడు. గుడ్డు తినేవారికీ, పాలు తాగేవారికీ, కేవలం అన్నం కూర తినేవారికీ ఆ మాట వర్తిస్తుంది. మన పళ్లెం కోసం ఎక్కడో ఎవరో ఏదో ఒక ప్రాణిని పొలం నుండి తరిమారు, లేదా చంపారు. రైతు చేతికి మాత్రమే రక్తం అంటిందనుకోవడం మనం చెప్పుకునే అబద్ధం. అది కుందేలు కేక కంటే చిన్నదేమీ కాదు.

మరుసటి శనివారం వెళ్లినప్పుడు, నక్కను చంపానని రైతు చెప్పాడు. ఆ ఏడాది పుట్టిన కుర్ర నక్క అట. తల్లిని విడిచి కొత్త చోటు వెతుక్కుంటూ వచ్చి ఉంటుంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో గెలుపు లేదు. దొడ్డి చుట్టూ కరెంటు వల కట్టి ఉంది. "ఇది వేసవిలోనే కట్టవలసింది" అన్నాడు.

మా అమ్మాయి గుడ్ల పెట్టె అందుకోలేదు, నేనే తీసుకున్నాను. కారులో ఆమెకు చెప్పాను: "ఆ ఏడుపు అబద్ధమే, అమ్మా. అవసరం ఉండి, తల్లి ప్రేమను వాడుకోకుండా, కళ్లతో చూసి, ఇంకో దారి వెతికిన తరువాతే ఆ అబద్ధం ఆడాలి. అప్పుడు కూడా అది నిజమైపోదు." ఆమె కొంతసేపు ఆలోచించి, "మరి ఆయన వల ముందే కట్టలేదు కదా?" అంది.

లేదు, కట్టలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అన్నేళ్లుగా గుడ్లు కొంటూ, ఒక్కసారైనా ఆ దొడ్డి కంచె వైపు చూడని నాకూ తెలియవలసింది. ఈ వసంతంలో మరొక దొడ్డికి వల కట్టడానికి మమ్మల్ని రమ్మన్నాడు. ఇద్దరమూ వెళుతున్నాము.