మూరెడు ఎత్తు ఎవరిది?

ధ్యాన భాగములు: మత్తయి 6:27, 25:14–30, 1 కొరింథీయులకు 4:7, 9:24–27



మనుష్యుడు ఎంత చింతపడినను తన పొడవునకు మూరెడైనను చేర్చుకొనజాలడని మన ప్రభువు కొండమీద బోధించెను. ఈ మాట విన్నప్పుడు మనము సాధారణముగా కూడు గుడ్డలను గూర్చి తలంచుచుందుము. అయితే నిజముగా పొడవును గూర్చియే చింతపడు బిడ్డలు మన గ్రామములలో కొందరు కలరు. మన రాష్ట్రములో పోలీసు కానిస్టేబులు ఉద్యోగమునకు పురుషులు సాధారణముగా 167.6 సెంటీమీటర్ల ఎత్తు ఉండవలెనని నియమము. తెల్లవారుజామున కాలువగట్టు వెంబడి నెలల తరబడి పరుగెత్తిన చిన్నవాడు కొలబద్ద క్రింద నిలిచినప్పుడు అర సెంటీమీటరు తక్కువైనచో, వాని పరుగును చూచువారే లేరు. వాడు తల వంచుకొని ఇంటికి రావలసినదే. వానితో కూడ వెళ్లిన మరియొకడు, పెద్దగా శ్రమపడనివాడైనను, తండ్రి పొడవు వచ్చుటచేత ఆ కొలతను తేలికగా దాటిపోవును.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టుచున్నది. పొడవు, బలము, చురుకుదనము మనము సంపాదించినవి కావు. సంపాదింపని దానికి మెప్పు ఏల? పుట్టుకతో రాని దానికి అవమానము ఏల? ఈ మాసము ఈ ప్రశ్నను ఇద్దరు ఆటగాండ్ర జీవితముల వెలుగులో విచారింతము.

సంఘపత్రికలో ఆటల ప్రసంగమేల అని పెద్దలు కొందరు అడుగవచ్చును. అపొస్తలుడైన పౌలు కొరింథులోని సంఘమునకు వ్రాయుచు పరుగుపందెమును, పిడికిళ్ల పోరును దృష్టాంతములుగా తీసికొనెను. ఆ పట్టణమునకు సమీపమున రెండేండ్లకొకసారి ఇస్త్మియ క్రీడలు జరుగుచుండెను. అవి అన్యదేవత పేర జరుగు ఉత్సవములు. అయినను ఆ ఆటగాండ్ర క్రమశిక్షణనుండి పాఠము తీసికొనుటకు పౌలు వెనుదీయలేదు. కాబట్టి మనమును సంకోచింపనక్కరలేదు.

మన నరసాపురము రేవునుండి గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగినచో అది కోనసీమ. ఆ సీమకు ముఖ్యపట్టణమైన అమలాపురములో 2000వ సంవత్సరము ఆగష్టు 13వ తేదీన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి పుట్టెను. తండ్రి వ్యాయామోపాధ్యాయుడు. బాలుడు ఇంటిలోనే బ్యాడ్మింటన్ ఆట చూచి పెరిగెను. 2014లో హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ శిక్షణాలయమున చేరెను. మలేషియా దేశస్థుడైన తాన్ కిమ్ హెర్ అను శిక్షకుడు ఇతనిని ముంబాయివాడైన చిరాగ్ శెట్టితో జతపరచెను. ఇద్దరును వెనుకనుండి బలముగా కొట్టు అలవాటు గలవారే. జతగా ఆడవలెనన్నచో ఒకనికొకడు చోటు ఇచ్చుట నేర్చుకొనవలసి వచ్చెను.

ఆ జత పొందిన విజయములు చిన్నవి కావు. 2022లో బ్యాంకాకులో భారత జట్టు మొదటిసారిగా థామస్ కప్పు గెలిచినప్పుడు వీరు ఆ జట్టులో నుండిరి. 2023 ఏప్రిల్‌లో దుబాయిలో ఆసియా పోటీలు గెలిచిరి. అదే యేట హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల స్వర్ణపతకము పొంది, ఆ అక్టోబరులో ప్రపంచమున మొదటి స్థానమునకు చేరిరి. సాత్విక్ కొట్టిన ఒక దెబ్బ గంటకు 565 కిలోమీటర్ల వేగముతో పోయినట్లు 2023లో గిన్నిస్ వారు నమోదు చేసిరి.

ఇందులో అతని సొంతము ఎంత? ఆరడుగుల శరీరము, చాచిన భుజము పుట్టుకతో వచ్చినవి. ఆట తెలిసిన తండ్రి దొరకుట అతడు కోరి సాధించినది కాదు. తన కాలమునకు హైదరాబాదులో అట్టి శిక్షణాలయము ఏర్పడియుండుట కూడ అతని చేతిలోని పని కాదు. అదే శరీరముతో నలువది ఏండ్ల క్రిందట పుట్టియున్నచో అతడు ఊరివారికి మాత్రమే తెలిసిన ఆటగాడుగా మిగిలియుండునేమో. ఉన్నదంతయు ఒకరి చేతినుండి పొందినదే అయినప్పుడు, పొందనివానివలె అతిశయింపతగదని పౌలు హెచ్చరించుట ఇందుకే.

అట్లయినచో ఎవరికిని మెప్పు లేదా? శ్రమపడు గుణమును దేవుడిచ్చినదే కదా, ఇక శ్రమకు ప్రతిఫలమేమని కొందరు వాదింతురు. ఈ వాదము తెలివిగా కనబడును గాని సోమరికి దాగుచోటగును. తలాంతుల ఉపమానములో ఐదు పొందినవానిని, రెండు పొందినవానిని యజమానుడు ఒక్క మాటతోనే మెచ్చుకొనెను. ఐదింటివానికి పెద్ద మెప్పు, రెండింటివానికి చిన్న మెప్పు అని భేదము లేదు. ఒక్కటి పొందినవాడు తక్కువ పొందినందుకు గద్దింపబడలేదు, పాతిపెట్టినందుకు గద్దింపబడెను. దీనినిబట్టి వరము యొక్క పరిమాణము మన లెక్కలోనిది కాదనియు, దానిని పట్టుకొన్న చేతి నమ్మకత్వమే మన లెక్కలోనిదనియు తేటపడుచున్నది.

అయితే నమ్మకముగా పాటుపడినవానికెల్ల గెలుపు దొరకునా? దొరకదు. 2020లో జరుగవలసి 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్సులో ఈ జత తమ గుంపులోని మూడు పోటీలలో రెండు గెలిచెను. ఆ గుంపులో మూడు జతలకు చెరి రెండు గెలుపులు వచ్చెను. చిన్న ఆటల లెక్క చూచి వీరిని ఇంటికి పంపిరి. వీరిచేత ఓడిన తైవాను జత ముందుకు సాగి ఆ పోటీల స్వర్ణపతకము గెలిచెను. జగజ్జేతలను ఓడించినవారు ఒట్టిచేతులతో తిరిగివచ్చిరి! 2024లో పారిస్ ఒలింపిక్సులో మలేషియా జతచేతిలో క్వార్టర్ ఫైనలులోనే ఓడిరి. 2025 ఫిబ్రవరిలో సాత్విక్ తండ్రి గతించెను. అదే యేట ఆగష్టులో పారిస్‌లోనే జరిగిన ప్రపంచ పోటీలలో వీరు ఆ మలేషియా జతనే ఓడించి కాంస్యపతకము తెచ్చిరి. ఆ పతకమును చూచుటకు తండ్రి లేడు.

గెలుపే మనుష్యుని విలువ అయినచో టోక్యోనుండి వచ్చిన దినమున ఆ యువకులు విలువలేనివారు కావలెను. అట్లని ఏ తల్లియు ఒప్పుకొనదు. పందెములో బహుమానము ఒక్కనికే అని పౌలు ఎరుగును. కొరింథు సమీపమున గెలిచినవానికి దొరకునది వాడిపోవు ఆకుల కిరీటమే అనియు ఎరుగును. అందుచేతనే వాడని కిరీటమువైపు సంఘము దృష్టిని త్రిప్పెను. ఆ కిరీటమునకు ఎత్తు కొలత లేదు. ఒకడు దానిని పొందుటచేత వేరొకనికి లేకపోదు.

ఇక వరము ఎందుకొరకు ఇయ్యబడుచున్నది? దీనికి ఆఫ్రికా ఖండమున పుట్టిన ఒక బాస్కెట్‌బాల్ ఆటగాని చరిత్ర తోడ్పడును. బాస్కెట్‌బాల్ అనునది పొడవుతోనే సగము నడుచు ఆట. డికెంబె ముటొంబో 1966లో కాంగో దేశపు కిన్షాసాలో పుట్టెను. ఏడడుగుల రెండంగుళముల మనిషి. వైద్యుడై తన జనులకు సేవచేయవలెనను కోరికతో 1987లో అమెరికాలోని జార్జిటౌన్ విశ్వవిద్యాలయమునకు చదువుకొనుటకు వెళ్లెను. అక్కడ అతని పొడవు అతనిని ఆటస్థలమునకు ఈడ్చెను. 1991లో డెన్వర్ జట్టువారు అతనిని తీసికొనిరి. 2009 వరకు పదునెనిమిది ఆటకాలములు వృత్తిగా ఆడెను. ఎదుటివాడు వేసిన బంతిని గాలిలోనే అడ్డగించి, ఆ మీదట చూపుడు వ్రేలు ఆడించి “కాదు, కాదు” అని సైగ చేయుట అతని వాడుక. నాలుగుసార్లు ఆ సంవత్సరపు ఉత్తమ రక్షకుడని పేరొందెను.

అతడు అమెరికాలో ఆడుచున్న దినములలో కాంగోలో యుద్ధపు అలజడి కలిగెను. కిన్షాసాలో అతని తల్లి బియాంబా మరీ అస్వస్థురాలయ్యెను. బయట తిరుగరాదను ఆజ్ఞ ఉన్నందున ఆమెను ఆసుపత్రికి చేర్చలేకపోయిరి. ఆమె ఇంటియొద్దనే కన్నుమూసెను. కుమారునికి ధనము కలదు, లోకప్రఖ్యాతి కలదు. తల్లికి ఆసుపత్రి అందలేదు. ఆ దుఃఖమును అతడు పాతిపెట్టక పనిలో పెట్టెను. తన సొమ్ము కోటిన్నర డాలర్ల వరకు ఇచ్చి, ఇతరులను అడిగి, కిన్షాసాలో మూడువందల పడకల ఆసుపత్రి కట్టించి దానికి తల్లి పేరు పెట్టెను. 2007లో అక్కడ రోగులను చేర్చుకొనసాగిరి. వైద్యుడు కాలేకపోయినవాడు వైద్యులకు చోటు కల్పించెను. 2024 సెప్టెంబరు 30న ముటొంబో మెదడు క్యాన్సరుతో, తన ఏబది ఎనిమిదవ యేట, గతించెను. ఏడడుగుల శరీరము మంటిలో కలిసినది. పడకలు మిగిలియున్నవి.

ఇది ధనవంతుని దానము, మాకు కోట్లు ఎక్కడివి అందురా? బీద విధవరాలి రెండు కాసులను ప్రభువు ఎట్లు లెక్కించెనో మీరెరుగుదురు. మన నరసాపురమునకు ఇంగ్లండునుండి వచ్చిన బౌడెన్, బీర్ అను సువార్తికులు కోటీశ్వరులు కారు. వారు తెచ్చినది తమ బ్రదుకే. దానిని ఈ గోదావరి మండలములోనే ఖర్చుపెట్టిరి. మన వాడలలో వెలుతురు చాలని వసారాలలో కూర్చుండి లేసు అల్లు తల్లుల చేతులను చూడుడి. ఆ అల్లిక సముద్రములు దాటిపోవును. అల్లినవారి పేరు దానిమీద ఉండదు. ఆ చేతివలన పిల్లవాని బడిజీతము కట్టబడినచో అదియు తలాంతును నడిపించుటయే.

మనము కాలువల దేశస్థులము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసిన తరువాత నీరు ఈ శివారు భూములవరకు వచ్చుచున్నది. ఎగువ రైతు చేనికి నీరు ముందు వచ్చును. అది అతని పుణ్యము కాదు, అతని చేను ఉన్న చోటు అట్టిది. ముందు వచ్చినందున నీరంతయు తనదేయని అతడు గట్టు వేసినచో శివారు చేలు ఎండిపోవును. తడుపుకొని విడిచినచో అందరికిని పంట. దేవుడు ఒకనికి పొడవును, ఒకనికి చదువును, ఒకనికి కంఠమును ముందుగా ఇచ్చుట ఈలాటిదే. మనము మెచ్చుకొనవలసినది చేనున్న చోటును కాదు, గట్టు తెరచిన చేతిని.

కాబట్టి తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఆటలో చురుకైనవాడైతే ఆటలు పాపమని అడ్డగింపకుడి. అట్లని వానిని కుటుంబపు అప్పులు తీర్చు యంత్రముగా చేయకుడి. ఓడి వచ్చిన రాత్రియు వానికి అన్నము పెట్టి, వాని మాట వినుడి. యౌవనులారా, మీ శరీరము మీకు అప్పగింపబడినదని ఎరిగి సారాయికి, పొగాకుకు దానిని తాకట్టు పెట్టకుడి. సంఘ పెద్దలారా, గెలిచినవానికి దండ వేయుట సులభము. ఎత్తు చాలక తిరిగివచ్చిన చిన్నవాడు ఆదివారము వెనుక వరుసలో కూర్చుండి, ఆరాధన ముగియక మునుపే లేచిపోవుచున్నచో, గుమ్మమునొద్ద వానిని పేరు పెట్టి పిలువుడి. తెల్లవారుజామున లేచి పరుగెత్తిన ఓర్పు వానియొద్ద ఇంకను ఉన్నది. ఆ ఓర్పునకు సంఘములో పని చూపుడి. బాలురకు ఆట నేర్పనిండు. రోగిని రేవు దాటించి ఆసుపత్రికి చేర్చు పనిలో వాని కాళ్లను వాడుకొనుడి.

మనలను కొలుచు దేవుడు కొలబద్ద పట్టుకొని కూర్చున్నవాడు కాడు. ఇచ్చినదానిని ఏమి చేసితివని అడుగువాడు. ఆ దినమున పొడవైనవారును పొట్టివారును సిగ్గుపడక ఆయన యెదుట నిలుచునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.