ఆటలో అరటిపండు

పిల్లలు ఆటలు మరిచిపోయారని పెద్దలు బాధపడుతున్నారు. నిజామాబాద్, బోధన్ వైపు మా గూడేల్లో, తండాల్లో నలుగురు కూర్చుంటే ఈ మాటే. తప్పంతా సెల్‌ఫోన్‌దే అంటారు. పిల్లల మధ్య బతికే పంతుళ్ళం కాబట్టి ఈ మాటను కొంచెం విప్పి చూద్దామనుకున్నాం. మనం దేనికోసం బాధపడుతున్నాం? ఆట కోసమా, మన చిన్నతనం కోసమా?

చిర్రగోనెకు తుమ్మకొమ్మ చాలు. అచ్చనగండ్లకు గులకరాళ్ళు, ఓనగుంటలకు చింతగింజలు, ఏడుపెంకులాటకు పగిలిన కుండ. పైసా ఖర్చు లేదు. ఆదిలాబాద్ గోండు పల్లెల్లో పిల్లలు వానాకాలపు బురదలో వెదురు మరుగోళ్ళెక్కి నడుస్తారు. పొలాల పండుగ దాటగానే వాటిని ఊరిబయట విడిచిపెడతారు. ఆటకు ఒక కాలం, ఒక ముగింపు ఉన్నాయి.

అయితే ఆ రోజులన్నీ బంగారమని చెప్పలేం. మగపిల్లలు పశువుల వెంట పోయి, అవి మేస్తున్నంతసేపు ఆడుకున్నారు. ఆడపిల్లలు తమ్మున్నో చెల్లెనో ఒళ్ళో పెట్టుకొని కూర్చుని ఆడే ఆటలే ఎక్కువ ఆడారు. ఊళ్ళో పెద్దకులాల పిల్లల ఆట వేరు, మాది వేరు. బడికి పోవాల్సిన వయసులో పని మధ్య దొరికిన తీరికను స్వేచ్ఛ అనడం న్యాయం కాదు.

మరి పోయిందేమిటి? మొదట పోయింది జాగ. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ మొదలైంది. కాలువ నీళ్ళతో చెరకు పెరిగింది. చెరకు కొట్టే కూలికి మావాళ్ళూ వచ్చారు. చెరకు కొట్టేసిన మడి, బండ్లు ఆగే బయలు పిల్లలకు మైదానాలయ్యాయి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు ఊళ్ళ చుట్టూ ప్లాట్ల హద్దురాళ్ళు. కూలికోసం నిజామాబాద్ వచ్చి కిరాయి గదిలో ఉండే ఇంట్లో పిల్లకు బయలెక్కడిది? చేతిలో ఫోన్ ఉందని తిట్టేముందు, కాళ్ళ కింద నేల ఉందో లేదో చూడాలి.

రెండోది, తీర్పు. ఆ ఆటలకు అంపైర్ లేడు. తొండి చేస్తే పిల్లలే పట్టుకున్నారు, పిల్లలే తగువు తీర్చుకున్నారు. ఆట ఆగకూడదు కాబట్టి ఎవరో ఒకరు తగ్గారు. మరీ చిన్నపిల్ల వస్తే తరిమేయలేదు, ‘ఆటలో అరటిపండు’ అన్నారు. ఆ పిల్లా ఉరుకుతుంది, కానీ అవుట్ కాదు. బలం లేనివాళ్ళకు చోటివ్వడానికి నియమాన్నే కొంచెం వంచారు. ఇంతకంటే తేటగా న్యాయాన్ని ఏ పాఠం చెప్పగలదు?

పేదపిల్లలకు చదువే దిక్కు, ఆటలెందుకని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ భయం అబద్ధం కాదు. కానీ బడి, ఇంకొకరు పెట్టిన నియమాన్ని పాటించడం నేర్పుతుంది. ఆట, నియమం పెట్టుకోవడం, అందరూ ఒప్పుకునేలా మార్చుకోవడం నేర్పుతుంది. తరతరాలుగా ఇతరులు రాసిన నియమాల కింద బతికినవాళ్ళం. ఈ రెండో చదువు మాకు ఇంకా ఎక్కువ అవసరం.

ఆట పిల్లల హక్కని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెప్పింది. 1992లో మన దేశం దాన్ని ఒప్పుకుంది. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం అంటుంది. అయినా పరీక్షలు దగ్గరపడితే మొదట తెగేది ఆటల పీరియడే.

పాత ఆటలను వార్షికోత్సవంలో వేదికెక్కించి చప్పట్లు కొడితే అవి బతకవు. ఊరి జాగ పంచేటప్పుడు పిల్లల బయలును ముందు పక్కన పెట్టాలి. సాయంత్రం గంటసేపు పనీ ట్యూషనూ లేకుండా ఆడపిల్లలను కూడా వదలాలి. పెద్దలు కాస్త దూరంగా ఉండాలి. వాళ్ళు చిర్రగోనె ఆడతారో క్రికెట్ ఆడతారో వాళ్ళ ఇష్టం. అందులో అరటిపండుకు చోటుంటే, అది మన ఆటే.