దేశము - కాలము - పాత్రము

భగవద్గీత పదునేడవ అధ్యాయమున శ్రీకృష్ణపరమాత్మ సాత్త్వికదానమునకు లక్షణము చెప్పియున్నాడు. ప్రత్యుపకారము చేయజాలనివానికి, తగిన దేశకాలములయందు, పాత్రత నెఱిగి, ఈయవలసినది నా ధర్మమను బుద్ధితో ఇచ్చునదియే సాత్త్వికము. భక్తులారా! ఈ లక్షణమును దమ్మపేట ప్రాంతపు పల్లెబడులకు అన్వయించి చూతము.

నేడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన ఈ మండలము అడవి అంచున నున్నది. ఈ సీమలోని కోయగూడెములలో పలువురు బిడ్డలకు ఇంటిభాష కోయ, బడిపుస్తకము తెలుగు. తల్లి ఒడిలో వినని మాటలతో తొలిపాఠము మొదలైనచో చుఱుకైన బిడ్డయు నోరు మెదపక కూర్చుండును. ఆ మౌనమును మందబుద్ధియని తలచినచో బిడ్డ క్రమముగా బడికి దూరమగును. 2010 ఏప్రిల్ 1న అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల బాలబాలికలకు ఉచితవిద్యను హక్కుగా నొసగినది. చట్టము బడివాకిలి తెఱచును; లోన అడుగిడిన బిడ్డ నిలుచుటకు పెద్దల ఆదరణయు వలయును.

కావున ఇచట దేశమనగా ఆ బడి. కాలమనగా బిడ్డ చదువు మానకమునుపు. పాత్రమనగా మనకు మరల ఏమియు నీయజాలని ఆ పసిబిడ్డ.

ఏమి ఈయవలయునని ముందుగా ప్రధానోపాధ్యాయుని, బడి యాజమాన్య సంఘమున నున్న తల్లిదండ్రులను అడుగుడు. ఒకచోట త్రాగునీటి కుళాయి, ఒకచోట ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు, ఒకచోట కోయ మాటలు తెలుగు లిపిలో నున్న కథలపుస్తకములు కావలసియుండవచ్చును. కోయ తెలిసిన చదువరియైన యువతి చిన్నపిల్లలకు తోడుగా కూర్చుండుటకు నెలనెలా గౌరవభృతి నిచ్చుటయు గొప్ప దానమే. ఒక్కనాటి పలకల పంపకముకంటె ఏడాది పొడవునా నిలుచు చిన్న సాయము మేలు.

తిరుక్కోష్టియూరులో గోపురమెక్కి, రహస్యమైన మంత్రార్థమును ఎల్లరకు వినిపించిన భగవద్రామానుజుల అడుగుజాడ మనది. భద్రగిరిపై పోకల దమ్మక్క స్వామికి ఆకుపందిరి వేసినదని క్షేత్రగాథ. పదునేడవ శతాబ్దమున గోపన్న ఆలయము కట్టించుటకు ముందు స్వామికి నీడయైనది ఆ పందిరియే. కొంచెమే ఈయగలమని వెనుదీయువారు ఆమెను స్మరింపవలయును.

దమ్మపేట మీదుగా భద్రాద్రికి పోవు యాత్రికులు ముడుపు కట్టునపుడు, దారిలోని బడికొఱకును ఒక చిన్న ముడి వేయుదురుగాక! శబరి ఫలములను ప్రీతితో గైకొన్న శ్రీరాముడు దానిని కూడ తన కానుకగనే స్వీకరించును.