ఉంగరానికి ముందు అడిగిన ప్రశ్న

కలిగిన జ్ఞానం యథార్థమని దేనివల్ల తెలుస్తుందన్న విషయంపై మీమాంసకులకూ నైయాయికులకూ శతాబ్దాలపాటు సాగిన చర్చకు ప్రామాణ్యవాదమని పేరు. కుమారిలభట్టు వంటి మీమాంసకుల దృష్టిలో జ్ఞానం పుట్టుకతోనే నమ్మదగినది, అది తప్పని తేల్చే బాధకజ్ఞానం ఎదురయ్యేవరకూ దానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. దీన్ని స్వతఃప్రామాణ్యం అంటారు. నైయాయికులు ఇందుకు ఒప్పుకోలేదు. ఎండమావిలో నీరుందన్న జ్ఞానమూ చెరువులో నీరుందన్న జ్ఞానమూ పుట్టే క్షణంలో ఒకేలా ఉంటాయి కనుక, దగ్గరికి వెళ్ళి దాహం తీరిందో లేదో చూసుకున్నాకే ఏది నిజమో తేలుతుందని, అంటే ప్రామాణ్యం పరతః, వెలుపలి ఆధారంతోనే, నిశ్చయమవుతుందని వారు వాదించారు. ఈ చర్చ వేదప్రామాణ్యానికి మాత్రమే చెందినదనుకోవడం పొరపాటు. ఎదుటికి వచ్చినవాడు తానెవరని చెప్పుకుంటున్నాడో అతడేనని ఎలా నమ్మాలన్న చిక్కు ఉన్న ప్రతిచోటా అది తిరిగి తలెత్తుతుంది, ఈ కాలంలో ఈ-మెయిల్ సర్వరు గుమ్మం దగ్గర మరీ స్పష్టంగా తలెత్తుతుంది.

ఉత్తరాలను ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి చేరవేసే ఎస్‌ఎంటీపీ అనే ప్రోటోకాల్, అంటే యంత్రాలు పరస్పరం మాట్లాడుకోవడానికి ఏర్పరచిన నియమావళి, 1982లో జాన్ పోస్టెల్ రాసిన రూపంలో పంపేవాడి గుర్తింపును అసలు అడిగేదే కాదు. దీన్ని స్వతఃప్రామాణ్యానికి ఉదాహరణగా చూపాలనిపించవచ్చు గాని, అది మీమాంసకులకు అన్యాయం చేయడమే అవుతుంది, ఎందుకంటే బాధకం కనిపించినప్పుడు జ్ఞానాన్ని విడిచిపెట్టాలని వారూ చెప్పారు, ఇక్కడ బాధకం ప్రవేశించే దారే లేదు. 1999లో వెలువడిన అనుబంధ ప్రమాణంతో ఆ దారి ఏర్పడింది. దాని ప్రకారం సర్వరు తనకు సమ్మతమైన ధ్రువీకరణ పద్ధతుల జాబితాను ముందుగా ప్రకటిస్తుంది, ఫోనులోనో కంప్యూటరులోనో ఉండి ఉత్తరాలను పంపే ప్రోగ్రాము, దాన్నే క్లయింటు అంటారు, ఆ జాబితాలోంచి ఒక పద్ధతిని ఎంచుకుని తన గుర్తింపును నిరూపించుకుంటుంది.

ఆ పద్ధతుల మధ్య భేదం కేవలం సాంకేతికమైనది కాదు. ప్లెయిన్ అనే పద్ధతిలో పాస్‌వర్డు యథాతథంగా వెళుతుంది. దాన్ని బేస్64 అనే అక్షరమాలలోకి మార్చి పంపినా, ఆ మార్పిడి ఎవరైనా వెనక్కి తిప్పగలిగినదే కనుక అది రహస్యలిపి కాదు. 1997 నాటి క్రామ్-ఎండీ5 పద్ధతిలో సర్వరు ప్రతిసారీ ఒక కొత్త సవాలును పంపుతుంది, క్లయింటు దాన్ని పాస్‌వర్డుతో కలిపి, వెనక్కి విప్పడానికి వీలుకాని హాష్ అనే గణనకు లోనుచేసి, వచ్చిన ఫలితాన్ని మాత్రమే జవాబుగా పంపుతుంది. రహస్యం తెలుసునని రహస్యాన్ని పలకకుండానే చూపించే ఈ మార్గం ఎంత అందమైనదో దాని మూల్యమూ అంత బరువైనది: జవాబును సరిచూడాలంటే సర్వరు కూడా అసలు పాస్‌వర్డునో, దానికి సరిసమానమైన బీజాన్నో తన దగ్గర దాచుకోవాలి, అందువల్ల దారిలో దొంగకు దొరకనిది ఇంట్లో దొరకవచ్చు. 2010లో ప్రమాణంగా వచ్చిన స్క్రామ్ ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. అందులో పాస్‌వర్డుకు ఒక యాదృచ్ఛిక విలువను చేర్చి, గణనను కనీసం 4096 సార్లు ఆవృత్తి చేయాలని సూచించారు. సర్వరు దగ్గర నిలిచేది ఆ గణన చివర మిగిలిన సాక్ష్యమే తప్ప పాస్‌వర్డు కాదు. అంతకన్నా ముఖ్యంగా, క్లయింటు తనను నిరూపించుకున్నాక సర్వరు కూడా తాను అసలైనదేనని తిరిగి నిరూపించుకోవాలి. ప్రశ్నించే అధికారం ఒకరికే ఉండి, జవాబు చెప్పే బాధ్యత మరొకరికే ఉండే సంబంధాన్ని ఈ పద్ధతి అంగీకరించదు.

అయితే జాబితాయే అబద్ధమైతే ఏమవుతుంది? మధ్యలో పొంచి ఉన్నవాడు సర్వరు పంపిన జాబితాలోంచి బలమైన పద్ధతులను తొలగించి, ప్లెయిన్ ఒక్కటే మిగిల్చి క్లయింటుకు చేరవేస్తే, అది అమాయకంగా పాస్‌వర్డును అతడి చేతికే అందిస్తుంది. తలుపుకు ఎంత గట్టి తాళం వేసినా పెరటి తలుపు తెరిచి ఉంటే ఫలం లేనట్టే, ఒప్పుకున్న వాటిలో అతి బలహీనమైన పద్ధతి ఏదో అదే ఆ సర్వరు అసలు బలం. అందుకే మామూలు సంభాషణను మధ్యలో టీఎల్‌ఎస్ అనే గుప్తమార్గంలోకి మళ్ళించే స్టార్ట్‌టీఎల్‌ఎస్ నియమంలో ఒక గంభీరమైన నిబంధన ఉంది: గుప్తమార్గం ఏర్పడ్డాక, అంతకుముందు సర్వరు గురించి తెలుసుకున్నదంతా, ఆ జాబితాతో సహా, క్లయింటు విడిచిపెట్టి మళ్ళీ అడగాలి. ప్రామాణ్యం తేలని దారిలో వచ్చిన జ్ఞానం నిజమే అయి ఉండవచ్చు, అయినా దాన్ని పట్టుకుని ముందుకు పోకూడదన్న ఈ కట్టడిలో నైయాయికుడి జాగ్రత్త కనిపిస్తుంది.

ఇక్కడ మీమాంసకుడు తన పాత ఆక్షేపణను మళ్ళీ తెస్తాడు: ఒక జ్ఞానాన్ని నిలబెట్టడానికి మరో జ్ఞానం కావాలంటే, దానికి ఇంకొకటి, దానికి మరొకటి కావాలి గదా, ఈ అంతులేని వరుసను అనవస్థ అంటారు. గుప్తమార్గంలోనూ ఇదే వరుస ఉంది: సర్వరు తన గుర్తింపుగా చూపే టీఎల్‌ఎస్ ధ్రువపత్రంపై ఒక సంస్థ సంతకం చేస్తుంది, ఆ సంస్థను పైసంస్థ ధ్రువీకరిస్తుంది, చివరికి పరికరంలో ముందే పొందుపరచిన మూలపత్రాల దగ్గర వరుస ఆగిపోతుంది. అక్కడ నిలిచేది నిరూపణ కాదు, నమ్మకం. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఆప్తుణ్ణి ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడిగా నిర్వచించాడు. ఆ మూలపత్రాలు ఈ యంత్రలోకానికి ఆప్తులు, వాటి మాట అబద్ధమైనప్పుడు వాటిని తొలగించే ఏర్పాటు ఉన్నంతవరకే అవి ఆ పేరుకు తగినవి.

కనుక సర్వరు నిర్వాహకుడి ముఖ్యమైన పని కొత్త పద్ధతులను చేర్చడం కన్నా పాతవాటిని నిరాకరించడమే. డవ్‌కాట్ వంటి సర్వరులో గుప్తమార్గం లేనిదే పాస్‌వర్డును స్వీకరించకుండా ఆపే అమరిక ఉన్నది ఇందుకే. 2022 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ తన ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్ సేవలో పేరూ పాస్‌వర్డూ నేరుగా పంపే పాత పద్ధతిని మూసివేయడం మొదలుపెట్టినదీ ఇందుకే. ఈ నిరాకరణకు నైతికమైన బరువు కూడా ఉంది. పాత ఫోను మార్చుకోలేని మనిషి, కొత్త పద్ధతి నేర్వని కార్యాలయపు స్కానరు ఒక్కసారిగా గుమ్మం బయట నిలబడిపోవచ్చు. వారికి ముందుగా చెప్పి, గడువిచ్చి, మరో దారి చూపకుండా తలుపు మూసే నిర్వాహకుడు భద్రతను కాపాడాడని అనవచ్చు గాని ధర్మాన్ని కాపాడాడని అనలేము. అలాగని వారిని సాకుగా చూపి బలహీనమైన తలుపును ఎల్లకాలం తెరిచి ఉంచడమూ, వారి ఉత్తరాలతో పాటు అందరి ఉత్తరాలనూ దొంగల పాలు చేయడమే.

మైక్రోసాఫ్ట్ మూసిన పద్ధతి స్థానంలో ఓఆథ్ వచ్చింది. అందులో ఉత్తరాల ప్రోగ్రాముకు పాస్‌వర్డును ఇవ్వరు. గడువు ఉన్న, అవసరమైతే రద్దు చేయదగిన ఒక టోకెన్‌ను ఇస్తారు, అది రాజముద్రిక వంటిది. కాని సాధారణంగా వాడే టోకెన్, చేత పట్టుకున్నవాడు ఎవరైనా వాడి పక్షానే మాట్లాడుతుంది. వాల్మీకి సుందరకాండలో సీత ఈ సంగతిని ఎరిగినట్టే ప్రవర్తించింది. సన్యాసి వేషాన్ని నమ్మి ఒకసారి మోసపోయిన ఆమె, అశోకవనంలో హనుమంతుణ్ణి చూసి రావణుడే మళ్ళీ వేషం మార్చి వచ్చాడేమోనని శంకించింది, రాముడి గుణాలనూ రామలక్ష్మణుల దేహలక్షణాలనూ చెప్పమని అడిగింది. హనుమంతుడు వాటిని వివరంగా చెప్పిన తరువాతే రాముడి ఉంగరం ఆమె చేతికి వచ్చింది.