తుప్పు చెప్పే సాక్ష్యం

పండుగ దగ్గరపడితే గుడిలోని ఇత్తడి కొవ్వొత్తి స్తంభాలను చింతపండుతో తోమి తళతళలాడిస్తాం. ఎక్కడైనా చిలుము కనిపిస్తే నామోషీ పడతాం. అలాంటిది, కొత్త లోహానికి కోరి తుప్పు పట్టించి, ఆ తుప్పుకు అదనంగా డబ్బు చెల్లించేవారు కూడా ఉన్నారంటే మీకు విడ్డూరంగా తోచవచ్చు.

గిటారు వాద్యకారుల లోకంలో ఇది విడ్డూరం కాదు. అమెరికాలోని ఫెండర్ సంస్థ 1995లో ‘రెలిక్’ అనే పేరుతో కొన్ని గిటార్లను విడుదల చేసింది. అవి అప్పుడే చేసినవి. చూపులకు మాత్రం దశాబ్దాల తరబడి వేదికలెక్కి దిగినట్టుంటాయి. పునీతుల పవిత్ర అవశేషాలను ఆంగ్లంలో ఏ మాటతో పిలుస్తారో, సరిగ్గా ఆ మాటనే ఈ గిటార్లకు పేరుగా పెట్టారు. ఆ తరువాత ఇతర తయారీదారులూ, ఇంట్లో సొంతంగా చేసుకునేవారూ ఈ పద్ధతిని అందిపుచ్చుకున్నారు.

కర్ర మీది రంగును గీకడం తేలిక. లోహపు భాగాల సంగతి వేరు. తీగలు ఆనే బ్రిడ్జికీ, తీగలు బిగించే మరలకూ, చిన్న చిన్న స్క్రూలకూ సాధారణంగా నికెల్ పూతో క్రోమియం పూతో ఉంటుంది. ముందుగా ఉప్పు కాగితంతో రుద్ది ఆ మెరుపు తీస్తారు. తరువాత ఒక ప్లాస్టిక్ డబ్బా అడుగున కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, దానికి తగలకుండా భాగాలను పైన అమర్చి మూత బిగిస్తారు. మిగతా పని ఆవిరి చేస్తుంది. నికెల్ మసకబారుతుంది. పూత లేచిన చోట ఉక్కు ఎర్రగా తుప్పు పడుతుంది. అప్పుడు బయటికి తీసి, వంటసోడా కలిపిన నీటిలో ముంచి, ఆమ్లం విరిగాక కడిగి ఆరబెడతారు. ఏళ్ల తరబడి జరగవలసినది కొద్ది గంటల్లో ముగుస్తుంది. ఆ ఆవిరి ఇనుముతోనే సరిపెట్టుకోదు. కళ్లకూ ఊపిరితిత్తులకూ హాని చేస్తుంది. గాలి ఆడని గదిలో, తగిన రక్షణ లేకుండా మరొకరి చేత ఈ పని చేయించేవారు అలంకారం కోసం ఆ మనిషి ఆరోగ్యాన్ని ఖర్చు పెడుతున్నట్టే.

ఇక అసలైన అరుగుదల ఎలా ఉంటుందో చూడండి. ఐర్లండ్ వాద్యకారుడు రోరీ గాలగర్ 1963లో, పదిహేనేళ్ల వయసులో, కార్క్ నగరంలో ఒక పాత ఫెండర్ గిటారు కొన్నాడు. అది 1961లో తయారైనది. 1995లో ఆయన మరణించేనాటికి దాని రంగు చాలావరకు ఊడిపోయి కర్ర బయటపడింది. చెమట, వానజల్లు, చేతి రాపిడి, వేలాది రాత్రుల వాద్యం కలిసి చేసిన పని అది. 1997లో ఫెండర్ సంస్థ ఆ మచ్చలను ఉన్నవి ఉన్నట్టుగా దించి నమూనా గిటార్లు చేసి అమ్మింది. అసలు గిటారును 2024లో వేలంలో కొని ఐర్లండ్ జాతీయ ప్రదర్శనశాలకు బహూకరించారు. రెండింటినీ పక్కపక్కన పెడితే కన్ను మోసపోవచ్చు. కాని ఒకదాని మీద ఉన్నది ఒక మనిషి జీవితం. రెండవదాని మీద ఉన్నది దాని ముద్ర మాత్రమే.

అయితే ఈ పని అబద్ధమా? తొందరపడి తీర్పు చెప్పకూడదు. నాటకంలో ముసలి వేషం కట్టినవాణ్ణి ఎవరూ అబద్ధికుడు అనరు. ఇది కొత్తదే, పాతదిగా కనిపించేట్టు చేశాం అని అమ్మేవాడు చెబుతున్నాడు, కొనేవాడు తెలిసే కొంటున్నాడు. మోసపోయినవారు లేరు. మరొక న్యాయమైన సందర్భమూ ఉంది. నిజంగా పాతదైన గిటారులో ఒక స్క్రూ విరిగితే, దాని స్థానంలో మెరిసే కొత్త స్క్రూ ఎబ్బెట్టుగా ఉంటుంది. దాన్ని కాస్త మసకబార్చి బిగిస్తే అది మరమ్మతు మర్యాదే.

చిక్కు ఆ తరువాత వస్తుంది. వస్తువు చేతులు మారుతుంది. చెప్పిన మాట దాని వెంట వెళ్లదు. 1950ల నాటి గిటార్లకు వాటి అసలు భాగాలు ఉంటేనే ఎక్కువ ధర పలుకుతుంది. నిన్న డబ్బాలో తుప్పు పట్టిన బ్రిడ్జి రేపు ఎవరి చేతిలోనైనా ఆనాటి బ్రిడ్జిగా చెలామణి కావచ్చు. ఇది కొత్త కథ కాదు. 1496 ప్రాంతంలో యువకుడైన మైకెలాంజెలో నిద్రిస్తున్న మన్మథుని పాలరాతి బొమ్మ చెక్కి, భూమిలో నుండి తవ్వి తీసినట్టు పాతబరిచాడు. వర్తకుడు దాన్ని ప్రాచీన శిల్పమని చెప్పి రోములో కార్డినల్ రియారియోకు రెండు వందల డ్యూకట్లకు అమ్మాడు. శిల్పికి ముట్టినవి ముప్ఫై. నిజం తెలిసి కార్డినల్ తన సొమ్ము తిరిగి రాబట్టుకున్నారు. ఆ బొమ్మ అందమైనదే. దాని చేత చెప్పించిన సాక్ష్యమే అబద్ధం.

పవిత్ర అవశేషాల విషయంలో తిరుసభ జాగ్రత్త ఇక్కడ మనకు పాఠం. వాటిని అమ్మకూడదని చట్టం. అధికారుల ధ్రువీకరణ పత్రం లేని అవశేషాన్ని విశ్వాసుల వందనానికి ఉంచరాదని 2017లో వాటికన్ జారీ చేసిన సూచనలు మరోసారి స్పష్టం చేశాయి. వస్తువు మౌనంగా ఉంటుంది కనుక, దాని నిజం దానితోపాటే ప్రయాణించాలి. తుప్పు పట్టించే పనివాడికీ ఇదే ధర్మం. లోపలివైపు చెరగని ఒక గుర్తు, ఒక తేదీ చెక్కితే చాలు. అందానికి లోటు రాదు, రాబోయే కొనుగోలుదారు మోసపోడు.

ఇక మిగిలింది వాయించేవాడి మనస్సాక్షి. పైన పటారం, లోన లొటారం అంటారు పెద్దలు. ఇక్కడ పటారమే చిరిగిన వేషం వేసుకుంది. ఉపవాసమున్నట్టు పదిమందికీ తెలియాలని ముఖం వికారం చేసుకునేవారిని క్రీస్తు ప్రభువు హెచ్చరించారు. ముఖం కడుక్కోమన్నారు. పడిన కష్టం గుర్తులు వాటంతటవే వస్తాయి. ప్రదర్శనకు తెచ్చుకున్న గుర్తులు మనం పడని కష్టానికి మెప్పు అడుగుతాయి. నచ్చిన రూపమని ముచ్చటపడి కొనుక్కుంటే దోషం లేదు. ఎన్నేళ్లుగా వాయిస్తున్నారని ఎవరైనా అడిగినప్పుడు, గిటారును చూపి ఊరుకుంటే దోషం అక్కడ మొదలవుతుంది.

ప్రియ పాఠకులారా, మన విచారణల గాయక బృందాల్లో గిటారు పట్టిన యువతీ యువకులు ఎందరో ఉన్నారు. వారిలో ఎవరి గిటారైనా కొత్తగా మెరుస్తుంటే చిన్నబుచ్చుకోనక్కరలేదు. ప్రతి ఆదివారం శ్రద్ధగా వాయిస్తే చాలు. మెరుపు సంగతి వారి చేతి చెమటే చూసుకుంటుంది.