రేవు నిండా పడవలే

వైనతేయ ఒడ్డున, మామిడికుదురు వైపు, రేవు పాట పాడుకున్న ఆసామి ఒకడుండేవాడు. అవతల లంకలో ఇల్లు లేస్తోంది. తొమ్మిది నెలల్లో గృహప్రవేశం. మేస్త్రులూ ఇనుమూ ఇవతలి నుంచే పడవెక్కాలి.

ఇంతలో పేకాటరాయుళ్లు చేరారు. తెల్లారకుండానే పడవెక్కి చోటు పట్టేస్తారు. ఏ గట్టునా దిగరు. మేస్త్రులు ఒడ్డునే నిలబడిపోయారు. "ఆళ్లని దింపెయ్యండి బాబూ" అన్నాడు సరంగు. పాటదారుకి మొహమాటం. ఆ జట్టులో సొంత బావమరిదున్నాడు మరి. "ఎందుకొచ్చిన గొడవరా, ఇంకో నాలుగు పడవలు కట్టించేద్దాం" అన్నాడు.

పడవలకి మేకులు కావాలి, పట్టీలు కావాలి. ఇంటికోసం తెచ్చిన ఇనుమే కొలిమిలో పడింది. మేస్త్రులు రాక విసిగిన లంకవాళ్లూ తమకు చేరిన కాస్త ఇనుముతో పడవలే చేయించారు. తనిఖీ గుమస్తా పడవలు లెక్కపెట్టి, "భేషుగ్గా ఉందండి రేవు" అని రాసుకుపోయాడు.

లంకలో ముసలామె ఊరుకోలేదు. "పడవలు లెక్కెడితే ఏటుందండీ? మా కొట్లో ఇనుం చూడండి. రేపు వరదొస్తే రేవు మూసేత్తారు, పైగది దాంతోనే లేపాలండి, ఆయ్!"

కొట్టు తీస్తే తుప్పు రజను.

నీతి: ఇల్లు కడుపులో బిడ్డ, పడవలు హిమోగ్లోబిన్, మేస్త్రులు ఆక్సిజన్, ఆ పేకాటరాయుళ్లు పొగాకు పొగలోని కార్బన్ మోనాక్సైడ్. హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరి చాలక తల్లి ఒళ్లూ, కడుపులో బిడ్డ ఒళ్లూ హిమోగ్లోబిన్ పెంచుకుంటాయి. ఇనుము అందులోకే పోతుంది. బిడ్డకు నిల్వ తగ్గుతుంది. చనుబాలలో ఇనుము తక్కువ కాబట్టి, పుట్టాక నాలుగైదు నెలలు బిడ్డ గడిపేది ఆ నిల్వతోనే. పొగాకులోని కాడ్మియం మావిలో పేరుకుని అడ్డు తగలడం మరో బెడద.

గుమస్తా చేసిన పొరపాటు రక్తపరీక్షలోనూ జరుగుతుంది. పొగతాగేవారి హిమోగ్లోబిన్ అంకెలోంచి డెసిలీటరుకు కనీసం 0.3 గ్రాములు తీసేసి చూడమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. గర్భం మొదటి మూడు నెలల్లో 11.2 ఉందని మురిసిపోతే, అసలు లెక్క 10.9. అంటే రక్తహీనతే.

గర్భిణులంతా కనీసం రోజుకో ఐరన్ మాత్ర చొప్పున 180 రోజులు మింగాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ పొగ మానకుండా మాత్రలు మింగడం పేకాటరాయుళ్లను దింపకుండా పడవలు కట్టించడమే.

శ్రీకాకుళం, విశాఖ వైపు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లున్నారు. కోనసీమలో గర్భిణి తనే కాల్చడం అరుదు. అరుగు మీద లంకపొగాకు చుట్ట మావగారిది. మోతాదు తక్కువైనా ఆ పొగలో ఉన్నదీ అదే విషవాయువు. "చుట్ట గట్టు మీదికెళ్లి కాల్చుకోండి" అని కోడలు అనలేదు. మొహమాటం వదిలి కొడుకే అనాలి.